అడుగు కడగని జాడీ

కాలి మీదికెక్కిన చక్రం పరాయివాళ్ళ బండిది కాదు, పాండురంగన్ బండిదే. సేత్తూరు తోట నుంచి మామిడికాయల బుట్టలు వేసుకుని రాజపాళయం వస్తుంటే ఎద్దు బెదిరింది. పక్కన నడుస్తున్న పెళ్ళాం వేదవల్లి కింద పడింది. మోకాలి కింద ఎముక విరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చింది. అంతవరకు తలరాత అనుకుని ఊరుకోవచ్చు. ధర్మాసుపత్రిలో ఎముక కుదిర్చారు. జ్వరం తగ్గింది. పుండు మూతపడుతూ వచ్చింది. ఇంటికి పంపేస్తామని కూడా అన్నారు. ఆ తరవాతే కట్టు పచ్చబడింది. పసుపుపచ్చ కాదు, నెమలి మెడ పచ్చ. బాగా మాగిపోయిన పండు వాసన. పెన్సిలిను సూదులు వేశారు, లొంగలేదు. కట్టుగుడ్డలో ఏదో ఉందని పుకారు పుట్టి, ఆ గుడ్డ నేసి ఇచ్చే సత్రపట్టి దురైసామిని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. పేదవాడి మీద పడ్డ అనుమానానికి సాక్ష్యం అక్కర్లేదు. కొత్త డాక్టరు మాధవన్ ఒక్కడే ఆ మాట నమ్మలేదు. చీము కొంత, కట్టుగుడ్డ ముక్క ఒకటి, పుండు కడిగే మందు కొంత సీసాల్లో పట్టుకుని మదురై బస్సెక్కాడు. ఎక్కేముందు వేదవల్లితో, కాలు తీసెయ్యాల్సి రావచ్చు, మనసు గట్టి చేసుకోమని చెప్పి పోయాడు. దానికామె ఇచ్చిన జవాబు ఒక్కటే. అత్త చెప్తే సరి, ఇంకెవరు చెప్పినా వద్దు.

అత్త అంటే జానకియమ్మాళ్. పాండురంగన్ తల్లి. ధర్మాసుపత్రి కట్టుగదికి పెద్ద.

డాక్టరు ఇంకా మదురైలోనే ఉన్నాడని అందరూ అనుకుంటున్న ఆ పొద్దున కూడా ఆమె కోడలి పుండు కడిగింది. మిగతా రోగులకు ఒకసారి కడిగే చోట కోడలికి రెండుసార్లు కడిగేది. నీళ్ళు తక్కువ కలిపి, మందు ఎక్కువ పోసేది. దూది నానబెట్టి పుండు అంచు నుంచి లోపలికి తుడుస్తూ, నొప్పి పుట్టినప్పుడు తనే ముందు మొహం చిట్లించేది. పాండురంగన్ మంచం పక్కన నిలబడి కాలు పట్టుకున్నాడు. బండి తోలిన చెయ్యి అదే, కాలు పట్టుకున్న చెయ్యీ అదే. ఆ సంగతి అతను ఒక్క ఘడియ మరిచిపోలేదు. వేదవల్లి మరిచిపోనివ్వలేదు కూడా.

"మీ కొడుకు ఎద్దుల్ని తోలేది నేర్చుకొనుంటే మీకీ కడిగే వేలై ఉండదు గదత్తా" అంది.

"వాడేడ తోలినాడు. ఎద్దులే వాణ్ణి తోలుకొని వచ్చినాయి" అంది జానకియమ్మాళ్, తల ఎత్తకుండా.

పక్క మంచాల ఆడవాళ్ళు నవ్వారు. పాండురంగన్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకేం చెయ్యాలో అతనికి తెలియలేదు. కట్టు విప్పినప్పుడు మోకాలి పైన కొత్తగా లేచిన ఎరుపు అతనొక్కడే చూశాడు. నిన్న అక్కడ లేదు.

డాక్టరు వచ్చేశాడన్న కబురు ఆ తరవాత కాసేపటికి వచ్చింది. బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి రాలేదు. ముందు బజారులో శ్రీరంగన్ కొట్టుకు పోయాడు. ధర్మాసుపత్రి కట్టించిన పొన్నురంగం కొడుకు ఈ శ్రీరంగన్. తండ్రి పటం వరండాలో ఉంటుంది, కొడుకు మాట అంతటా ఉంటుంది. అక్కడేం జరిగిందో డాక్టరే తరవాత పాండురంగన్‌కు చెప్పాడు. శ్రీరంగన్ అంతా విన్నాడట. కాఫీ కూడా ఇప్పించాడట. విని, మా నాయన పేరున్న ఆసుపత్రిలో మందుకే పురుగు పట్టిందన్న మాట బయటికి పోకూడదన్నాడట. దురైసామిని మళ్ళీ పిలిస్తే జనం ఏమిటని అడుగుతారు కాబట్టి పిలవొద్దన్నాడట. ఆపరేషన్ గది మూసెయ్యాలంటే, మూస్తే మళ్ళీ తెరిచేది ఎప్పుడని అడిగాడట. ఎప్పుడో డాక్టరుకూ తెలియదు. తెలియదన్న మాట చాలు కొట్లో కూర్చున్నవాడికి. వద్దన్నాడు.

డాక్టరు ఆసుపత్రికి అలా వచ్చాడు, భుజం మీద మదురై దుమ్ముతో, చేతిలో టిఫిన్ కారియరుతో. పాండురంగన్‌ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. టిఫిన్ కారియరు బల్ల మీద పెట్టి విప్పాడు. ఒక్కో గిన్నెలో ఒక్కో గాజు పళ్ళెం, మూత పెట్టి చుట్టూ ప్లాస్టరు అంటించి ఉంది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన, ఏమప్పా ఇడ్లీయా అని అడిగాడట. ఆమా, ఇడ్లీయే అని చెప్పి ఒడిలో పెట్టుకుని వచ్చాడట.

మొదటి పళ్ళెం చూపించాడు. అందులో కంటికి కనబడని పురుగు పెరగడానికి పోసిన గంజిలాంటిది గడ్డకట్టి తేటగా ఉంది. అది సత్రపట్టి కట్టుగుడ్డది అన్నాడు. గుడ్డలో ఏమీ లేదు. రెండోది చూపించాడు. గడ్డ మీద పచ్చని జిగురు పాకి ఉంది, నెమలి మెడ పచ్చ. అది వేదవల్లి పుండుది. మూడోది చూపించాడు. అదీ పచ్చే. రెండో దానికీ దానికీ తేడా లేదు.

"ఇదేమిదయ్యా?" అన్నాడు పాండురంగన్.

"పుండు కడిగే మందుది, అణ్ణా. జాడీలోది."

పాండురంగన్‌కు అర్థం కాలేదు. రెండోసారి చెప్పినా అర్థం కాలేదు. మందులో పురుగెలా ఉంటుంది? నిప్పులో చెదలుంటాయా? డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మదురైలో తనకు పాఠం చెప్పిన ఆయన కళ్ళ ముందే చేసి చూపించాడు. పుండులోని పురుగుల మీద ఈ జాడీ మందే పోశారు. చావలేదు. నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. అప్పుడు మందునే ఒట్టిగా పళ్ళెంలో పోసి వెచ్చగా పెట్టారు. అందులోంచీ అవే లేచాయి. చెప్పడం అయ్యాక డాక్టరు కిటికీ వైపు తిరిగి, ఇక మీ అమ్మ వేదవల్లి పుండు ముట్టుకోకూడదు, ఆ మాట మీరే చెప్పాలి, నేను చెప్తే వినదు అన్నాడు.

"మా అమ్మకా? నేనా?" అన్నాడు పాండురంగన్. "దానికి బదులు నా కాలి మీదా బండి ఎక్కించమంటే ఎక్కిస్తాను."

తలుపు తోసుకుని జానకియమ్మాళ్ వచ్చింది. డాక్టరు వచ్చాడని తెలిసి కాఫీ లోటా పట్టుకొచ్చింది. ఆమె చేతుల మీద పుట్టినవాడు మాధవన్. తెల్లకోటు వేసుకున్నా, పేరు వెనక ఇంగిలీషు అక్షరాలు ఎన్ని ఉన్నా, ఆమెకు మాధవాయే. బల్ల మీద విప్పి ఉన్న టిఫిన్ కారియరు చూసి కోప్పడింది.

"తినకుండా మూసి పెట్టుకొనినావే. చెడిపోదా?" అంటూ గిన్నె ఎత్తి చూసింది. చూసి ముక్కు ముడిచింది. "ఇదేమి, పాసిపోయిన పెరుగా?"

ఆమెకు కోడలి కట్టు గుర్తొచ్చి ఉండాలి. గిన్నె మెల్లిగా కింద పెట్టింది.

"వేదం పుణ్ణుదా ఇది?"

"ఒకటి ఆమెది, పెద్దమ్మా" అన్నాడు డాక్టరు.

"ఇంకోటి?"

"మీ జాడీది."

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది.

ఆ జాడీ సంగతి ఇక్కడ చెప్పాలి. కట్టుగది మూల, చెక్క పీట మీద, నడుమెత్తు పింగాణీ జాడీ ఉంటుంది. ఒకప్పుడు పొన్నురంగం ఇంట్లో నిమ్మకాయలు ఊరేసిన జాడీ అది. పైన బెండు మూత. ఆసుపత్రి పెట్టిన కొత్తల్లో కార్బాలిక్ వాడేవాళ్ళు, కళ్ళు మండి పోయేవి. తరవాత మదరాసు నుంచి డబ్బాల్లో పసుపురంగు మందు వచ్చింది. మంట లేదు, వాసన లేదు, సబ్బులా నురగొస్తుంది. జనం దానికి నురగమందు అని పేరు పెట్టుకున్నారు. దాన్ని నీళ్ళలో కలిపి జాడీలో పోసి, అందులోంచే అన్ని వార్డుల సీసాలూ నింపుతారు. కత్తులూ కత్తెరలూ కూడా అదే మందులో మునిగి ఉంటాయి, ఉడకబెడితే పదును పోతుందని.

రాజపాళయం ఇళ్ళల్లో ఉప్పు జాడీ అడుగు ఎవరూ చూడరు. బియ్యం కుండ గీకరు. అడుగున నాలుగు వేళ్ళ మేర ఉండగానే దాని మీదే కొత్తది పోస్తారు. గీకి కడిగితే లక్ష్మి లేచిపోతుందని నానమ్మల కాలం నుంచి మాట. జానకియమ్మాళ్ కట్టుగదికి వచ్చినా ఇంటి మర్యాద ఇంటి మర్యాదే. మందు అడుగంటనివ్వలేదు. నాలుగు వేళ్ళు మిగలగానే పైన కొత్త మందు పోసేది. ఆయుధపూజకు జాడీకి పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఒక్క చుక్క పారబోయదని శ్రీరంగన్ అందరి ముందూ మెచ్చుకున్నాడు, చీర కూడా పెట్టాడు. జబ్బు ఎక్కడ పుట్టిందని అడిగేవాళ్ళకు ఆ చీర చూపిస్తే చాలు.

నవ్వడం ఆపి ఆమె తన రెండు చేతులూ డాక్టరు ముందు చాపింది.

"ఈ చేతులు చూడు. పొద్దు లేచినప్పుటి నుంచి దాంట్లోనే ఉండాయి. ఒక గుల్లయినా లేచిందా? పురుగుంటే ముందు నన్నే దా తినాల."

"తోలు బాగుండే చోట అవేమీ చెయ్యలేవు, పెద్దమ్మా. తెగిన చోట, కాలిన చోట దొరికితే విడవవు."

"ఎంతమందికి బాగయింది దీనితో. నీకు మోకాలు చీరుకొనినప్పుడు కడిగింది ఎవరు?"

"మీరే. అప్పుడు దాంట్లోది కొత్త మందు" అన్నాడు డాక్టరు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు తిట్టడానికి దొరికేది. "మందు పోస్తే పురుగులు చస్తాయి, నిజమే. అన్నీ చావవు. మొండివి కొన్ని అడుగున మిగులుతాయి, బెండు మూతలో దూరి మిగులుతాయి. మీరు వాటి మీదే కొత్త మందు పోసినారు. మళ్ళీ కొన్ని చచ్చినాయి, ఇంకా మొండివి మిగిలినాయి. అవే పిల్లల్ని పెట్టినాయి. ఏండ్ల తరబడి అట్లనే. ఇప్పుడుండేవాటికి ఆ మందంటే మనకు అన్నం మాదిరి. దాంట్లోనే బతుకుతా ఉండాయి."

జానకియమ్మాళ్ చూపు గిన్నెలోకి పోయింది, అక్కడే నిలిచిపోయింది. పాండురంగన్ తల్లి మొహం చూస్తున్నాడు. జీవితంలో ఎన్నో చూశాడు ఆ మొహంలో. మొగుడు పోయిన రోజు చూశాడు, పంటకు కట్టిన బావి ఎండిన ఏడు చూశాడు. ఇలాంటిది చూడలేదు. ఏదో లెక్క తనలో తాను తేల్చుకుంటున్నట్టు, తేలకూడదని కోరుకుంటున్నట్టు ఉంది.

"నిన్నటి పెరుగు కొంజం ఉంచి పాలల్లో వేస్తాము" అంది చివరికి, ఎవరితోనూ కాదు. తరవాత తల ఎత్తి డాక్టరును చూసింది. "అంటే నేను తోడు వేసినానా, మాధవా? ఇన్నాళ్ళూ నేను తోడు వేస్తా వచ్చినానా?"

డాక్టరు కాదనలేదు. అబద్ధమాడేంత చదువు అతనికింకా రాలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. తను కట్టు కట్టినవాళ్ళ పేర్లు నోటి నుంచి రావడం మొదలైంది. సేత్తూరు బొమ్మయ్య, కడుపు కోస్తే పుండు మానక పోయాడు. మంసాపురం పాప్పమ్మాళ్, వేడినూనె పడి చెయ్యి కాలింది, చెయ్యి కాలితే మనిషి పోయింది. మిల్లులో వేళ్ళు తెగిన చెల్లప్ప. ఒక్కో పేరూ చెప్పి, వాళ్ళ కట్టు ఏ రంగుండేదో చెప్పింది. అప్పట్లో అందరూ తలరాత అన్నారు. ఏ తలరాత ఏ జాడీలో ఊరిందో ఎవరూ మూత తీసి చూడలేదు. అన్నీ దీనివల్లేనని చెప్పడానికి లేదని డాక్టరు అన్నాడు.

"కాదని చెప్పగలవా?"

"చెప్పలేను, పెద్దమ్మా."

బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు. కాఫీ చల్లారిపోయింది. ఇక ఆ గదిలో కూర్చోవడం ముగ్గురికీ చేతకాలేదు. కట్టుగదికి నడిచారు. జాడీ పారబోయాలని డాక్టరు అన్నాడు, మనిషిని పిలుస్తానన్నాడు. జానకియమ్మాళ్ ఒప్పుకోలేదు. ఒక అంచు ఆమె పట్టుకుంది, ఇంకో అంచు పాండురంగన్ పట్టుకున్నాడు. వెనక తూము దాకా మోసుకుపోయి వంచారు. నురగమందు నురగ లేకుండా పారింది. మందు అయిపోయాక అడుగు నుంచి చిక్కటి జిగురు జారింది, గంజి తెట్టులా, సాగుతూ. జాడీ అడుగు ఆమె చూడడం అదే మొదలు. వంగి చాలాసేపు చూసింది. తరవాత బెండు మూత తీసి గోటితో గిచ్చింది. పొడి పొడిగా రాలింది. అందులోనూ తడి ఉంది.

చేతులు కడుక్కోవాలని లేచింది. అలవాటుగా కట్టుగది మూలకే నడిచింది. పీట ఖాళీగా ఉంది. చేతులు రెండూ గాలిలో పట్టుకుని ఆ పీట ముందు నిలబడిపోయింది. ఏ మందుతో కడుక్కోవాలో ఆమెకు తెలియలేదు. డాక్టరే ఉడికించిన నీళ్ళూ సబ్బూ తెచ్చి పోశాడు.

ఆ తరవాత అసలు సంగతి చెప్పాడు. ఈ పురుగును చంపే సూది ఒకటుంది, మదరాసులో దొరికితే దొరుకుతుంది. మదురైలో పాఠం చెప్పిన ఆయన అక్కడికి కబురు పంపాడు. వస్తుందో రాదో, వచ్చేదాకా ఎరుపు ఆగుతుందో ఆగదో. ఎరుపు మోకాలు దాటిందని పాండురంగన్ అప్పుడు చెప్పాడు. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. అయితే ఆగదు అన్నాడు. ఈ పొద్దే కాలు తియ్యాలి. కత్తులు ఉడకబెట్టమని చెప్తాను, పదును పోతే పోయింది. శ్రీరంగన్ అరిస్తే అరవనీ. కానీ వేదవల్లి ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా తొడ దగ్గర కోసే పని కాదిది. ఆమె ఒప్పుకునేది ఒక్కరి మాటకే.

డాక్టరు కత్తుల పని చూడడానికి వెళ్ళాక తల్లీ కొడుకూ వరండాలో మిగిలారు.

"చెప్తాను" అంది జానకియమ్మాళ్. "నా జాడీ వల్లనే అని చెప్తాను. చెప్పి, కాలు తీసుకోనీ అని అడుగుతాను."

పాండురంగన్ తల్లి దారికి అడ్డం నిలబడ్డాడు. అలా ఎప్పుడూ నిలబడలేదు.

"వద్దు. చెప్పవద్దమ్మా. నువ్వు చెప్తే అది ఇంకెవరినీ నమ్మదు. డాక్టరును నమ్మదు, కత్తిని నమ్మదు. ఇంటికి తీసుకొని పో అంటాది. ఇంటికి పోతే చస్తాది."

"అబద్ధం చెప్పి కాలు కోయించమంటావా నన్ను?"

"ఆమా. ఒక్క అబద్ధం. తరవాత నీ ఇష్టం, నా ఇష్టం. ముందు అది బతకాల. ఇంట్లో బిడ్డ ఉండాది."

ఆమె కొడుకు మొహంలోకి చూసింది. వాడిక్కూడా తన మీద కోపం రాలేదని తెలిసి ఉండాలి. కోపం వస్తే బాగుండునని ఆమె అనుకుని ఉండాలి. కోపానికీ ఒక బలం కావాలి, అది ఇద్దరి దగ్గరా లేదు. కొంగుతో మొహం తుడుచుకుని, సరి అన్నట్టు తల ఊపి లోపలికి నడిచింది.

వేదవల్లి వాళ్ళను చూసి తానే కాలి మీది దుప్పటి తీసి పక్కకు పెట్టింది. జ్వరం పెరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. కడగడానికొచ్చారనుకుంది కాబోలు, అత్త చేతిలో గిన్నె లేకపోవడం చూసి ఆశ్చర్యపోయింది. జానకియమ్మాళ్ మంచం అంచున కూర్చుని కోడలి చెయ్యి పట్టుకుంది. చెప్పాల్సిన అబద్ధం నోటి దాకా వచ్చినట్టుంది, దాటలేదు. వేదం అని పిలిచింది, ఆగింది. మళ్ళీ పిలిచింది.

"కాలు తీసెయ్యాలంట, అదే గదత్తా" అంది వేదవల్లి. "ఈయన మొకం చూస్తేనే తెలిసిపోయింది. సరి. తీసెయ్యమనండి."

పాండురంగన్ ఊపిరి వదిలాడు. ఇంత సులువుగా అవుతుందని అతను అనుకోలేదు. బతుకులో ఏదీ సులువుగా కాని మనిషి అలాంటప్పుడే భయపడాలి. అతను భయపడలేదు.

"ఇది నాకు రావాల్సిందే" అంది వేదవల్లి. "మీకు చెప్పకుండా ఒక పని చేసినాను. చెప్తే తిట్టకూడదు. కోసేదానికి ముందు చెప్పేస్తే మనసు తేలికవుతాది."

"ఏం చేసినావు తల్లీ?"

"ధర్మసొత్తు ముట్టుకొనినాను." గొంతు తగ్గించింది, పక్క మంచాలకు వినబడకుండా. "కర్పగానికి చెవులు కుట్టించినాము గదా. ఒక చెవి మానలేదని ముత్తులక్ష్మి వచ్చి ఏడ్చింది."

కర్పగం వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంకా సరిగ్గా నడక రాని బిడ్డ. తల్లి ఆసుపత్రిలో పడినప్పటి నుంచి పాండురంగన్ చెల్లెలు ముత్తులక్ష్మి చూసుకుంటోంది.

"మిమ్మల్ని అడిగితే ఆస్పత్రి మందు ఇంటికి ఈరు. అందుకని మీరు అటు పోయినప్పుడు ముత్తులక్ష్మి చేత జాడీలో నుంచి ఒక సీసా ఎత్తించినాను. ఆ మరునాడే నా కట్టు పచ్చబడింది. దేముడు చూసినాడు. నా కాలు తీసుకోనీ, పరవాల్లే. బిడ్డకు ఏమీ కాకూడదు."

పాండురంగన్ అడిగాడు.

"చెవి ఇప్పుడెట్ల ఉండాది?"

"నిన్న చెప్పింది ముత్తులక్ష్మి. ఇంకా వాపుండాదంట. పచ్చగా కారుతా ఉండాదంట, పావం." ఆమె మొగుణ్ణి చూసి ధైర్యం చెబుతున్నట్టు నవ్వింది. "మీరు దిగులు పడవద్దు. ఇంకో సీసా ఇచ్చి పంపినాను. ఇంకొంజం ఎక్కువ పోసి కడగమని చెప్పినాను."

పాండురంగన్ అప్పటికే వాకిలి దాటాడు. ఎవరినో తోసేశాడు, వరండాలో ఏదో పగిలింది. పరిగెత్తే కాళ్ళ చప్పుడు గేటు దాకా వినబడి ఆగిపోయింది.

జానకియమ్మాళ్ లేవబోయింది. లేవలేకపోయింది. కోడలు ఆమె చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది.

"మీరు ఎక్కడికీ పోవద్దు అత్తా" అంది వేదవల్లి. "కోసేటప్పుడు మీరు నా పక్కన ఉండాల. మీరు లేకుంటే నేను ఒప్పుకోను."

తలుపు దగ్గర డాక్టరు నిలబడి ఉన్నాడు. కత్తులు ఉడికాయని చెప్పడానికొచ్చాడు.